పే బిల్లులో ఎడమవైపు గళ్లు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు, ముఖ్యంగా పెద్ద హోదాల్లో ఉన్నవారి జీతభత్యాలు జనానికి తెలియాలా వద్దా అన్న విషయం మీద ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి ఏడు ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. ఖజానా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పే బిల్లులు (ఉద్యోగుల నెల జీతాల పట్టీలు) తనిఖీ చేసి పాస్ చేసినవాడిని కనుక, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దాన్ని దాచకుండా రాస్తాను.

ప్రశ్న: మా జిల్లాలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే గెజిటెడ్ అధికారుల నెల జీతాలు, అలవెన్సులు ఎంతెంతో తెలపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. "ఇది వ్యక్తిగత సమాచారం, సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఇవ్వడం కుదరదు" అని రెండు ముక్కల్లో జవాబు పంపారు. ఇది సబబేనా?
(ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: సబబు కాదు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందులోని నాలుగో సెక్షన్, ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తనంతట తాను ప్రకటించవలసిన పదిహేడు అంశాలను వరుసగా పేర్కొంటుంది. వాటిలో తొమ్మిదోది అధికారులు, ఉద్యోగుల పేర్ల పట్టిక. పదోది ఆ కార్యాలయంలోని ప్రతి అధికారీ, ప్రతి ఉద్యోగీ అందుకునే నెలసరి వేతనం. చట్టంలో "ప్రతి" అనే మాట ఉంది. ఇంత జీతం దాటినవారే అన్న పరిమితి లేదు, ఈ హోదా పైనున్నవారిని వదిలేయాలన్న మినహాయింపూ లేదు. అంటే మీరు దరఖాస్తు పెట్టి తెచ్చుకోవలసిన అవసరమే ఉండకూడని సమాచారం అది. కార్యాలయం వెబ్‌సైటులోనో, అడిగినవారికి చూపే పుస్తకంలోనో సిద్ధంగా ఉండవలసిందే.

వారు చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు 2012 అక్టోబరు 3న గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో వచ్చినది అయివుంటుంది. ఒక అధికారికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షల ఉత్తర్వులు, ఆస్తుల వివరాలు, ఆదాయపు పన్ను రిటర్నులు అన్నీ ఇమ్మని ఆ కేసులో అడిగారు. ఉద్యోగి పనితీరు ప్రధానంగా అతనికీ యజమానికీ మధ్య వ్యవహారమనీ, విస్తృత ప్రజాప్రయోజనం చూపితే తప్ప అటువంటి వివరాలు వ్యక్తిగతమేననీ న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పు మీద నాకు గౌరవం ఉంది. అయితే నాలుగో సెక్షన్ కింద తప్పనిసరిగా ప్రకటించవలసిన నెలసరి వేతనాన్ని దాచమని అందులో ఎక్కడా లేదు. అటవీ శాఖ ఉద్యోగుల జీతాల విషయంలో ఇదే సాకు చూపినప్పుడు, ప్రభుత్వోద్యోగి జీతం గోప్యమైన సంగతి కాదని మధ్యప్రదేశ్ హైకోర్టు ఇటీవలి కాలంలో తేల్చిచెప్పింది. తీర్పు చదవకుండా దాని పేరు మాత్రం రాసి దరఖాస్తును మూసివేయడం మన కార్యాలయాల్లో అలవాటుగా మారడం నన్ను నిజంగా బాధపెడుతోంది.

మీరు చేయవలసింది ఇది. జవాబు అందిన 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. దానికి 30 రోజుల్లో, కారణాలు రాస్తే గరిష్ఠంగా 45 రోజుల్లో నిర్ణయం రావాలి. రాకపోయినా, వచ్చిన నిర్ణయం నచ్చకపోయినా 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరించిన సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించే అధికారం మాత్రం సమాచార అధికారికి లేదు. ఆరో సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది.

దరఖాస్తు రాసే తీరు గురించీ ఒక మాట. "ఫలానా ఆయన జీతం ఎంత" అని ఒక్క మనిషి పేరు పెట్టి అడిగితే, వ్యక్తిగత కక్ష అని పక్కన పెట్టడానికి వీలు చిక్కుతుంది. దానికి బదులు, "సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లోని పదో అంశం కింద మీ కార్యాలయం ప్రచురించవలసిన జాబితా తాజా ప్రతి ఇవ్వండి, అందులో పేరు, హోదా, పే స్కేలు, బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం), హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), స్థూల జీతం విడివిడిగా ఉండాలి" అని రాయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలు సైజు కాగితానికి పేజీకి 2 రూపాయలు. వచ్చిన కాగితంలో పే స్కేలు మాత్రమే ఉండి జీతం అంకె లేకపోతే అది అరకొర సమాచారమే. స్కేలు ఏమిటో పీఆర్‌సీ (వేతన సవరణ సంఘం) జీవోలో ఎవరైనా చూసుకోవచ్చు.

ప్రశ్న: వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇక జీతాల వివరాలు ఎవరికీ ఇవ్వనక్కరలేదని మా కార్యాలయంలో అంటున్నారు. నిజంగానే ఆ దారి మూసుకుపోయిందా?
(సమాచార విభాగం చూసే ఒక ఉద్యోగి, కర్నూలు)

జవాబు: మీ కార్యాలయంలో అంటున్నది సగం నిజం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని 44వ సెక్షన్, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ని మార్చివేసింది. వెనక, వ్యక్తిగత సమాచారమైనా ప్రభుత్వ పనికి సంబంధించినదైతే ఇవ్వవలసి వచ్చేది. ప్రజాప్రయోజనం ఉంటే తప్పనిసరిగా ఇవ్వవలసి వచ్చేది. కొత్త పాఠంలో ఆ షరతులన్నీ పోయి, "వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది" అన్న ఒక్క ముక్క మిగిలింది. ఈ మార్పు 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. నా ఉద్దేశంలో ఇది సమాచార హక్కుకు జరిగిన పెద్ద నష్టం. ఆ మాట అనడానికి నాకు సంకోచం లేదు.

అయినా జీతాల విషయంలో దారి మూసుకుపోలేదు. మొదటి కారణం, నాలుగో సెక్షన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. పదో అంశం అక్షరం మారకుండా అలాగే ఉంది. ఎనిమిదో సెక్షన్ మినహాయింపులు పౌరుడు అడిగినప్పుడు ఏది నిరాకరించవచ్చో చెప్పేవి. నాలుగో సెక్షన్ అడగకుండానే ప్రకటించవలసిన బాధ్యతను చెప్పేది. రెండో కారణం డేటా రక్షణ చట్టంలోనే ఉంది, దాన్ని మీ అధికారులకు చూపించండి. అమల్లో ఉన్న ఏ చట్టం ప్రకారమైనా బహిరంగపరచవలసిన బాధ్యత ఉండి, ఆ మేరకు బహిరంగమైన వ్యక్తిగత డేటాకు ఈ చట్టం వర్తించదని అందులోని మూడో సెక్షన్ చెబుతుంది. నెలసరి వేతనాన్ని ప్రకటించాలన్నది అచ్చంగా అటువంటి బాధ్యతే. ఇక మూడోది, ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉంటే మినహాయింపు ఉన్న సమాచారాన్నయినా ఇవ్వవచ్చనే 8(2) ఇంకా చట్టంలో ఉంది. ఈ మూడూ ఫైలులో నోటు రాసి పైకి పంపండి. మౌఖికంగా వచ్చిన ఆదేశాన్ని పట్టుకుని మీ పేరుతో నిరాకరణ పంపితే, జరిమానా పడేది మీ జీతంలోంచే.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆడవారి వయసు, మగవారి సంపాదన అడగకూడదంటారు. నా జీతం నా సొంత విషయం కాదా? అప్పుల ఏజెంట్లు, పెళ్లి సంబంధాలవాళ్లు, వాటా అడిగే బంధువులు అందరూ చూసేలా దాన్ని బయట పెట్టడం ఏం న్యాయం?
(ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ)

జవాబు: మీ ఉత్తరంలోని ఆవేదన నాకు అర్థమైంది. ఆ ఆవేదన వెనుక ఉన్న భయం ఉత్తుత్తిది కాదని నా అనుభవమే చెబుతుంది.

చట్టం వచ్చిన కొత్తలో, నేను పనిచేసిన సబ్ ట్రెజరీ పరిధిలోని ఒక కార్యాలయంలో, గడువు దాటిపోతున్నదన్న హడావుడిలో ఆ నెల పే బిల్లును ఉన్నదున్నట్టు జిరాక్సు తీయించి నోటీసు బోర్డుకు అంటించారు. పే బిల్లు చూసినవారికి దాని రూపం తెలుసు. అడ్డంగా పరిచిన పెద్ద కాగితం. ఎడమవైపు గళ్లలో బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఇతర అలవెన్సులు, వాటి మొత్తం. కుడివైపు గళ్లలో కోతలు. జీపీఎఫ్ (భవిష్య నిధి), జీవిత బీమా, గ్రూపు ఇన్సూరెన్సు, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను, ఇంటి అప్పు వాయిదా, పండుగ అడ్వాన్సు, సొసైటీ బాకీ, కోర్టు అటాచ్‌మెంటు (బాకీ కింద కోర్టు జప్తు చేసే మొత్తం), చిట్టచివర చేతికొచ్చే నికర జీతం. ఆ కార్యాలయంలో ఒక రికార్డు అసిస్టెంటు ఉండేవాడు. అతని వరుసలో కుడివైపు గళ్లన్నీ నిండి ఉన్నాయి. కోర్టు అటాచ్‌మెంటు గడిలో అంకె, సొసైటీ బాకీ గడిలో మరో అంకె, చివరి గడిలో ఇంటి కిరాయికి కూడా చాలని మొత్తం. పని మీద వచ్చినవాళ్లు ఆ వరుస దగ్గరే నిలబడి, వేలు పెట్టి చూపుకుంటూ చదివారు. మర్నాటి నుంచి అతను వారం రోజులు సెలవు పెట్టాడు.

ఆ కార్యాలయపు అధికారి నా దగ్గరకు వచ్చి, "చట్టం పాటించబోయి మనిషిని బజారున పెట్టాను, ఏం చేయమంటారు?" అని అడిగారు. నేను ఆ బిల్లు తీసుకుని, స్థూల జీతం గడి దాటాక కుడివైపంతా ఒక తెల్లకాగితం పరిచి, మళ్లీ జిరాక్సు తీయించి ఇచ్చాను. నేను నేర్చుకున్న సూత్రం ఆ తెల్లకాగితమే. ఎడమవైపు గళ్లు ప్రభుత్వం ఒక ఉద్యోగానికి చెల్లించే సొమ్ము. అది పన్ను కట్టే అందరిదీ కనుక ఎంత ఇస్తున్నారో అందరికీ తెలియాలి. కుడివైపు గళ్లు, ఆ సొమ్ము తనదయ్యాక ఆ మనిషి ఎవరికి బాకీ, దేనికి దాచుకుంటున్నాడు, ఇంట్లో ఏ కష్టం నడుస్తోంది అన్న ఇంటి గుట్టు. బ్యాంకు ఖాతా నంబరు, పాన్, ఫోను, ఇంటి చిరునామా కూడా అటువైపు చేరవలసినవే.

అయితే ఎడమవైపునా కళ్లు మూసుకుని ప్రకటించడానికి వీలులేనివి ఒకటి రెండు ఉన్నాయి. దివ్యాంగులైన ఉద్యోగులకు ఇచ్చే రవాణా భత్యం ఒక మనిషి ఆరోగ్య స్థితిని చెబుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇచ్చే ప్రత్యేక ఇంక్రిమెంటు అంతకన్నా సొంత విషయాన్ని చెబుతుంది. వీటికి విడి గడి చూపకుండా మొత్తంలో కలిపి ఇస్తే సరిపోతుంది. బిల్లు ఎంతకు పాసయిందో తెలుస్తుంది, మనిషి మర్యాదా నిలుస్తుంది.

ఇక మీ జీతం గురించి. మాస్టారూ, మీ స్కేలు జీవోలో ఉంది, డీఏ శాతం పత్రికల్లో వస్తుంది, మీ సర్వీసు మీ ఊళ్లో అందరికీ తెలుసు. లెక్క వచ్చినవాడెవడైనా కాగితం మీద మీ జీతాన్ని వంద రూపాయల తేడాలో కట్టగలడు. ఈ చట్టం ప్రయోజనం మీ జీతం తెలుసుకోవడంలో పెద్దగా లేదు. లెక్కకు అందని చోట్ల ఉంది. వాటి గురించి కింది జవాబుల్లో చెబుతాను.

ప్రశ్న: కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ లక్ష డాలర్లు దాటిన ప్రభుత్వ రంగ ఉద్యోగుల పేర్లను ఏటా ప్రకటిస్తారు. ఓవర్‌టైం ఎక్కువ చేసిన ఏడాది నా పేరూ వచ్చింది. విజయవాడలో మావాళ్లు అది చూసి నేనేదో కోట్లకు పడగలెత్తానని అనుకుంటున్నారు. ఇటువంటి జాబితా వల్ల ఉపయోగం ఉందంటారా?
(ఒక పాఠకురాలు, బ్రాంప్టన్)

జవాబు: ఉపయోగం ఉంది, అమ్మా, కానీ ఆ జాబితాకు పెట్టిన లక్ష డాలర్ల గీత పాతబడిపోయింది. మైక్ హారిస్ ప్రభుత్వం 1996లో తెచ్చిన ప్రభుత్వ రంగ జీతాల వెల్లడి చట్టం ప్రకారం, ముందు సంవత్సరంలో లక్ష డాలర్లు లేదా ఆపైన అందుకున్నవారి పేరు, హోదా, సంస్థ, జీతం, పన్ను పడే ఇతర సౌకర్యాల విలువ మార్చి నెలాఖరుకల్లా ప్రకటించాలి. అక్కడివారు వాడుకలో దాన్ని సన్‌షైన్ లిస్ట్ అంటారు. మొదటి జాబితాలో ఉన్నది సుమారు 4,500 మంది. 2024 సంవత్సరానికి 2025లో వెలువడిన జాబితాలో 3,77,000 పైచిలుకు పేర్లు ఉన్నాయి. ఆనాటి లక్ష డాలర్ల విలువ ధరల పెరుగుదలతో లెక్కిస్తే ఇప్పుడు 1,80,000 డాలర్లు దాటుతుంది. అయినా గీతను ఒక్కసారి కూడా జరపలేదు. దానితో, పెద్ద కుర్చీల్లో కూర్చున్నవారిని చూపించడానికి పుట్టిన జాబితా నర్సులు, టీచర్లు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బందితో నిండిపోయింది. కెనడాలోనే మరో రాష్ట్రమైన అల్బర్టాలో ఈ గీతను ధరలతో పాటు పెంచుతున్నారు, అది సరైన పద్ధతి. చిన్నవాళ్ల పేర్లు లక్షల్లో పోగుపడితే పెద్దవాళ్ల పేర్లు వాటి మధ్యలో కనిపించకుండా పోతాయి.

కానీ ఆ జాబితాల వల్ల జరిగిన ఒక మేలును మీరు తప్పక తెలుసుకోవాలి. కెనడా రాష్ట్రాల్లో జీతాల వెల్లడి చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చిన క్రమాన్ని ఆధారం చేసుకుని, అక్కడి విశ్వవిద్యాలయాల అధ్యాపకుల జీతాలను ఆర్థికవేత్తలు పరిశీలించారు. వెల్లడి మొదలైన చోట్ల ఆడ, మగ అధ్యాపకుల జీతాల మధ్య అంతరం 20 నుంచి 40 శాతం వరకు తగ్గిందని తేలింది. అదే పని చేస్తున్న పక్క గది మనిషికి ఎంత ఇస్తున్నారో తెలియనంతకాలం, తనకు తక్కువ ఇస్తున్నారని ఏ మహిళ అయినా దేన్ని పట్టుకుని అడగగలదు? మీ వృత్తిలోనూ ఆ జాబితా మీకు ఆయుధమే.

మీ బంధువుల సంగతికి వస్తే, జాబితాలో ఉన్నది పన్ను కోతకు ముందు అంకె అనీ, అందులో మీరు రాత్రుళ్లు మేలుకుని చేసిన అదనపు షిఫ్టుల సొమ్ము కలిసి ఉందనీ వారికి ఒకసారి వివరంగా రాయండి. మీ శ్రమ ఎంతో తెలిస్తే వారి లెక్క మారుతుంది.

ప్రశ్న: పెద్ద అధికారుల జీతాలు ఇలా బజారున పెడితే సమర్థులు ప్రభుత్వంలోకి రారు, ఉన్నవారు ప్రైవేటుకు వెళ్లిపోతారు అని ఒక చర్చలో విన్నాను. మీరేమంటారు?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఆ వాదనలో కొంత సత్యం ఉంది. దాన్ని ముందుగా ఒప్పుకోవాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో బెల్ అనే చిన్న పట్టణం ఉంది, జనాభా 40,000 లోపు, ఎక్కువగా పేద శ్రామిక కుటుంబాలు. 2010 జూలైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆ పట్టణ నగరపాలక అధికారి రాబర్ట్ రిజో ఏడాదికి దాదాపు 7,87,000 డాలర్ల జీతం తీసుకుంటున్నాడని బయటపెట్టింది. అది అప్పటి అమెరికా అధ్యక్షుడి జీతానికి దాదాపు రెట్టింపు. ప్రజలు కౌన్సిలు భవనం ముందుకు వచ్చారు, అతను పదవి వదులుకోవలసి వచ్చింది, చివరకు 2014లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ వార్త వచ్చిన వెంటనే కాలిఫోర్నియా ప్రభుత్వం స్థానిక సంస్థల జీతాలన్నింటినీ వెబ్‌సైటులో పెట్టించింది. దాని ఫలితాన్ని ఆర్థికవేత్త అలెగ్జాండర్ మాస్ లెక్కగట్టాడు. కొత్తగా వెల్లడి జరిగిన నగరాల్లో ముఖ్య అధికారుల జీతాలు సుమారు 7 శాతం తగ్గాయి, ఉద్యోగం మానేసినవారి రేటు 75 శాతం పెరిగింది. వీరిలో ఎక్కువ తీసుకుంటున్నవారే కాక, తమ పనికి తగిన జీతమే తీసుకుంటున్నవారూ ప్రజల కోపానికి గురై ఉండవచ్చు. వెల్లడికి మూల్యం ఉందని నేను ఒప్పుకునేది ఇందుకే.

అయితే మన దేశంలో ఆ భయానికి చోటు చాలా తక్కువ. ఇక్కడ ఏ కలెక్టరూ, ఏ కార్యదర్శీ తన జీతం తానే బేరమాడి నిర్ణయించుకోడు. 2016 నుంచి అమలైన ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి బేసిక్ 2,50,000 రూపాయలు, కార్యదర్శులది 2,25,000 రూపాయలు. రాష్ట్ర ఉద్యోగుల స్కేళ్లలో గరిష్ఠం ఆంధ్రప్రదేశ్ 2022 పీఆర్‌సీలో 1,79,000 రూపాయలు, తెలంగాణ 2020 పీఆర్‌సీలో 1,62,070 రూపాయలు. ఇవన్నీ ఎవరైనా చదువుకోగల ఉత్తర్వులు. తెలిసిన అంకెను మళ్లీ ప్రకటించినందుకు సమర్థుడెవరూ పారిపోడు. ప్రైవేటుకు వెళ్లేవాడు అక్కడా తప్పించుకోలేడు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల్లో అత్యధిక జీతం అందుకునే పదిమంది వివరాలను, ఏడాదంతా పనిచేసి 1 కోటి 2 లక్షల రూపాయలు దాటి అందుకున్నవారి వివరాలను వాటాదారులకు అందుబాటులో ఉంచాలని కంపెనీల చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. వాటాదారుకు ఉన్న హక్కు పన్ను కట్టేవాడికి ఎందుకు ఉండకూడదు? వింత ఏమిటంటే, ప్రభుత్వ కంపెనీలకు ఆ సెక్షన్ నుంచి 2015 జూన్‌లో మినహాయింపు ఇచ్చారు. కనుక సింగరేణి అయినా, విశాఖ ఉక్కు అయినా, ఆ సంస్థల పెద్దల జీతభత్యాలు పౌరుడికి తెలియాలంటే మిగిలిన గట్టి ఆధారం సమాచార హక్కు చట్టంలోని ఆ పదో అంశమే.

లెక్కకు అందని చోట్లు అని నల్గొండ మాస్టారికి రాశాను కదా, అవి ఇక్కడ వస్తాయి. పదవీ విరమణ చేశాక మళ్లీ సలహాదారుగానో, ప్రత్యేకాధికారిగానో నియమితులైనవారికి ఇచ్చే గౌరవ వేతనం. కాంట్రాక్టు మీద వచ్చిన కన్సల్టెంటుకు కార్పొరేషన్ నిధుల నుంచి చెల్లించే నెలసరి మొత్తం. ఒకే అధికారి రెండు మూడు సంస్థల పగ్గాలు పట్టుకున్నప్పుడు ఏ సంస్థ నుంచి ఏ భత్యం, ఏ కారు, ఎంత ఇంధనం, ఎంతమంది సహాయకులు అన్నది. ఇవి ఏ పీఆర్‌సీ జీవోలోనూ కనిపించవు. ఒక్కొక్కటి ఒక్కో హెడ్ ఆఫ్ అకౌంట్ (ఖర్చు పద్దు) కింద, ఒక్కో బిల్లుగా పోతుంది. ఆ బిల్లులు నా బల్ల మీదుగా వెళ్లాయి గనుక చెబుతున్నాను, కాగితాలు పక్కపక్కన పెట్టి కూడితే తప్ప, ఒక మనిషి మీద ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతున్నదో సంతకం పెట్టే అధికారికి కూడా తెలియదు. ఒంటారియోలోనూ ఇటువంటి కన్నం ఒకటి పడింది. అక్కడి విద్యుత్ సంస్థ హైడ్రో వన్ వాటాలు 2015లో మార్కెట్‌కు వెళ్లాక, దాని ఉద్యోగుల పేర్లు ఆ జాబితా నుంచి తప్పుకున్నాయి. మన దగ్గర వెల్లడి అడిగేవారు జీతం దగ్గర ఆగిపోకుండా, "ఈ హోదాలో ఉన్నవారికి అన్ని పద్దుల కింద కలిపి ఏడాదిలో చెల్లించిన మొత్తం" అని అడగడం నేర్చుకోవాలి.

ప్రశ్న: ఉద్యోగుల జీతాలు సరే, న్యాయమూర్తులు, రాష్ట్రపతి జీతాలు కూడా తెలుసుకోవచ్చా?
(ఒక విద్యార్థిని, గుంటూరు)

జవాబు: వాటికి దరఖాస్తు అక్కరలేదు, చట్టాల్లోనే రాసి ఉన్నాయి. రాష్ట్రపతికి నెలకు 5 లక్షలు, ఉపరాష్ట్రపతికి 4 లక్షలు, గవర్నరుకు 3.5 లక్షలు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 2,80,000, ఇతర న్యాయమూర్తులకు 2,50,000, హైకోర్టు న్యాయమూర్తికి 2,25,000 రూపాయలు. శాసనసభ్యులవి ఆయా రాష్ట్రాల చట్టాల్లో ఉంటాయి. వాటిలో మూల జీతం తక్కువగా, నియోజకవర్గ భత్యం ఎక్కువగా ఉంటుంది కనుక రెండూ కలిపి చూడాలి.

ప్రశ్న: నా భర్త ప్రభుత్వ ఉద్యోగి. మూడేళ్లుగా విడిగా ఉంటున్నాం, మనోవర్తి కేసు నడుస్తోంది. తనకు అప్పులు పోను చేతికి వచ్చేది చాలా తక్కువని కోర్టులో చెబుతున్నాడు. ఆయన జీతం ఎంతో నేను తెలుసుకోవచ్చా? మీరు మొదట్లో చెప్పిన పదో అంశం నాకూ వర్తిస్తుందా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: వర్తిస్తుంది. మీరు భార్య కావడం వల్ల మీ హక్కు మరింత బలపడుతుంది. మనోవర్తి వివాదంలో ఉన్న భార్యకు భర్త వేతనం తెలుసుకునే హక్కు ఉందని 2018లో మధ్యప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం చెప్పింది. ఆ కేసులో భర్త ఒక ప్రభుత్వ రంగ టెలికాం సంస్థ ఉద్యోగి. అదే సంవత్సరం బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కూడా ఆ అభిప్రాయమే వ్యక్తం చేసింది. కనుక ఆయన పనిచేసే కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. కేసు నంబరు రాసి, కోర్టు నోటీసు నకలు జత చేయండి.

దరఖాస్తులో ఒక సంగతి జాగ్రత్తగా రాయండి. ఆయన చెబుతున్న "చేతికి వచ్చేది" కుడివైపు గళ్లు తీసివేశాక మిగిలేది. మీరు అడగవలసింది స్థూల జీతం, గత మూడేళ్లకు నెలవారీగా, బకాయిలు, సరెండర్ లీవు సొమ్ము (వాడుకోని సెలవుకు బదులు తీసుకునే డబ్బు) వచ్చిన నెలలతో సహా. కోతల వివరాలు సమాచార అధికారి ఇవ్వకపోతే అక్కడ వాదన పెట్టుకుని కాలం పోగొట్టుకోకండి. వాటికి వేరే దారి ఉంది. 2020 నవంబరులో రజనీశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పులు వివరిస్తూ అఫిడవిట్ దాఖలు చేయాలని దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ భర్త అది వేయకపోతే వేయించమని మీ న్యాయవాది చేత పిటిషన్ పెట్టించండి. జీతం ఇచ్చే అధికారిని పే బిల్లుతో సహా కోర్టుకు పిలిపించమని కూడా అడగవచ్చు. నల్గొండ మాస్టారికి రాసిన జవాబులో నేను కుడివైపు పరిచిన తెల్లకాగితం నోటీసు బోర్డు ముందు గుమిగూడినవారి కోసం. న్యాయమూర్తి ముందు దాన్ని తీసి చూపించవలసిందే. అక్కడ ఆ కోతల్లో ఏది తప్పనిసరి వసూలు, ఏది ఆయన కావాలని పెంచుకున్న పొదుపు అన్నది ఒక్కొక్క గడిగా తేలుతుంది. జీపీఎఫ్‌కు నెలనెలా కట్టే చందాను ఉద్యోగి తన ఇష్టంతో పెంచుకోవచ్చన్న సంగతి మీ న్యాయవాదికి తప్పక చెప్పండి.